ముప్పై ఏడేళ్ళకే పెన్షన్

మా కంచరగాడిదల దళాన్ని తగ్గించేస్తున్నారని కల్నల్ గారు చెప్పేనాటికి నాకు ముప్పై ఏడేళ్ళు. సరిహద్దు కొండల మీది పోస్టులకు బియ్యం, కిరోసిన్, మందుగుండు మోసే ఆ జంతువులను నడిపించడమే పదిహేడేళ్ళుగా నా ఉద్యోగం. లాడాలు కొట్టడం కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇక ఆ మోత డ్రోన్లు, చిన్న బండ్లు మోస్తాయట. పదిహేనేళ్ళ సర్వీసు నిండినవాళ్ళు పెన్షన్‌తో వెళ్ళిపోవచ్చు, లేదా మరో విభాగానికి మారవచ్చు. ఆలోచించుకోవడానికి వారం గడువిచ్చారు.

తెనాలిలో ఉన్న నా భార్యకు ఫోన్ చేశాను. ఆమె అక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు.

"అత్తయ్యగారి కంటి ఆపరేషన్ సంగతేంటండి? మీరు వచ్చేస్తే ఆర్మీ వైద్యం ఉండదా?" అంది.

"ఉంటుంది. రిటైరైనవాళ్ళకి వేరే కార్డిస్తారు. అమ్మకీ వర్తిస్తుంది."

"మరి మీరేం చేస్తారు? ఇంట్లో కూర్చుంటానంటే మాత్రం నావల్ల కాదండి."

"కూర్చోను."

"అయితే వచ్చేయండి."

మర్నాడే సంతకం పెట్టాను.

వెళ్ళేముందు, జీతం ఇస్తూనే ఏదో ఒక కోర్సు నేర్పిస్తామన్నారు. నాతోటివాళ్ళు చాలామంది సెక్యూరిటీ కోర్సు రాశారు. నేను పాడిపశువుల కోర్సు రాసేసరికి, ఫారాలు తీసుకుంటున్న హవల్దారు నవ్వాడు. "ఇక్కడ ఎత్తిన లద్దె చాలలేదా, ఊరెళ్ళి పేడ కూడా ఎత్తుతావా?" అన్నాడు హిందీలో.

"నాకు బాగా వచ్చిన పని అదే సాబ్" అన్నాను.

మా ఊరు భట్టిప్రోలు వచ్చిన మొదటివారమే, టీ కొట్టు దగ్గర నాన్న స్నేహితుడొకాయన ఆపాడు.

"ఏంటబ్బాయ్, తీసేశారంటగా?"

"లేదండి బాబాయ్. దళం తగ్గించారు. పెన్షన్ తీసుకుని నేనే వచ్చేశాను."

"ఈ వయసులో పెన్షనేంటయ్యా?"

ఊరంతా అదే మాట. నేను పట్టించుకోలేదు గానీ అమ్మకు గుచ్చుకుంది. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళకు లేచి, "నా కొడుకు తప్పు చేసి రాలేదు, గౌరవంగా పంపారు" అంది. పాస్టరుగారు తల దించుకున్నారు, నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను. ఆ తర్వాతి నెలలో అమ్మను గుంటూరు తీసుకెళ్ళి, కార్డు మీదే కంటి ఆపరేషన్ చేయించాను.

పని వేమూరులో దొరికింది. అక్కడి పశువుల డాక్టరుగారికి సాయంగా తిరుగుతున్న రోజులవి. ఒక రైతు గేదె మూడువారాలుగా కుంటుతోంది. మందులు పనిచేయక, వచ్చినకాడికి అమ్మేద్దామని బేరం పెట్టుకున్నాడు. డాక్టరుగారు వేరే ఊళ్ళో ఉన్నారు. నేను కాలికి తాడు వేసి ఎత్తించి, గిట్ట చుట్టూ వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాను. ఒకచోట గేదె కాలు గుంజుకుంది.

"ఇక్కడేనండి. లోపల చీముంది."

"నువ్వే కోసెయ్యి తమ్ముడూ."

"అది డాక్టరుగారి పనండి. సాయంత్రందాకా ఆగండి, అమ్మకండి."

సాయంత్రం డాక్టరుగారు గిట్ట తెరిస్తే చీముతోపాటు తుప్పుపట్టిన తీగముక్క బయటపడింది. పదిరోజులకు గేదె మామూలుగా నడిచింది.

"గిట్టలు చూసేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరయ్యా. నువ్వు అదే పెట్టుకో" అన్నారాయన.

పెట్టుకున్నాను. మోటార్ సైకిల్ మీద పనిముట్ల సంచి వేసుకుని సోమవారాలు రేపల్లె వైపు, గురువారాలు బాపట్ల వైపు వెళ్తాను. పెరిగిపోయిన గిట్టలు చెక్కి సరిచేయడమే ఎక్కువ. ముందురోజే ఫోన్ చేసి వరస పెట్టించుకుంటున్నారు రైతులు.

మొన్న సెలవుల్లో, బాపట్ల దగ్గరి ఒక డెయిరీకి నా భార్యా పిల్లలూ కూడా వచ్చారు. ఆమె కాసేపు దూరంగా నిలబడి చూసి, తర్వాత చున్నీ నడుముకు కట్టుకుని తాడు పట్టుకుంది. మూడో గేదెకల్లా ముడి వేయడం కూడా పట్టేసింది. సూర్యలంక బీచికి వెళ్దామని పిల్లలు బుర్ర తినేస్తుంటే, "ఇంకా నాలుగున్నాయి, ఆగండి" అని ఆమే సర్దిచెప్పింది.