గుండుకు లేని దురద మైకుకెందుకు

కోపం వస్తే నాకు చెవులు పనిచేయవు. నోరు మాత్రం ఇద్దరి పని చేస్తుంది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఈ రెండూ కలిసి ఒక నిరపరాధి ఉద్యోగానికి ఎసరు పెట్టాయి, ఆఖరికి నా నెత్తిమీదికే తెచ్చాయి. ఆ ఘోరం చెబుతాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మా వీధివాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళనేం చేయగలిగాను కనుక!

తిరుపతిలో మా ఇంటికి దగ్గరగా ఒక ప్రైవేటు బడి ఉంది. దాని కరస్పాండెంటు గారు కాలేజీ పిల్లలకు డిబేట్ పోటీ పెట్టారు. పొద్దున అంశం, బడిలో శిక్షలు ఉండాలా వద్దా. మధ్యాహ్నం అంశం, చదువు అప్పులు మాఫీ చేయాలా వద్దా. చీటీలు తీస్తే నాకు రెండింటికీ 'వద్దు' పక్షమే వచ్చింది. వద్దనడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇక కప్పు నాదే అనుకున్నాను.

పోటీకి ముందు రెండు రోజులు గదిలో తలుపేసుకుని అద్దం ముందు అరిచాను. పక్కింట్లో ఏనుగు ఈనినా నాకు తెలిసేది కాదు. పోటీ రోజు పొద్దున అమ్మ నాకు జడ వేస్తూ ఏదో చెప్పబోయింది. నా జడ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ కుదరదు. నడుము దాటిన జడ. కాలేజీలో నా పేరు తెలియనివాళ్ళు కూడా 'ఆ జడ పిల్ల' అనేవాళ్ళు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోపల పొంగిపోయేదాన్ని.

"మే, ఈ లడ్డు తిని పో. పక్కింటి మునిరత్నం మామోళ్ళు ఇచ్చినారు. వాళ్ళు నిన్న..." అంది అమ్మ.

"అమ్మా, గమ్మునుండు. నువ్వు మాట్లాడితే నా పాయింట్లు మరిచిపోతాను."

"అది కాదే, వాళ్ళింట్లో అందరూ..."

"వచ్చినాక చెబుదువులే!" అంటూ లడ్డు నోట్లో వేసుకుని బయటపడ్డాను. జీడిపప్పు బాగా తగిలింది. ఆ లడ్డు ఎక్కడిదో, ఎందుకొచ్చిందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. నేరం జరిగిన చోట సాక్ష్యం మాయం చేసేవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. కమ్మగా నమిలి మింగేసింది మాత్రం నేనొక్కదాన్నే.

బడి గేటు దగ్గర మునిరత్నం మామ కొడుకు హేమంత్ కనిపించాడు. ఎనిమిదో తరగతి. తలమీద వాడికి రెండింతలున్న టోపీ, కళ్ళనిండా నీళ్ళు. టోపీ కింద చూద్దును గదా, నున్నటి గుండు! దానిమీద పచ్చగా ఏదో పూసి ఉంది. పక్కనే డ్రిల్లు సారు నిలబడి వాడి భుజం మీద చెయ్యేసి ఉన్నాడు. జేబులో కత్తెర పెట్టుకుని, జుట్టు పెంచిన పిల్లల్ని బెదిరిస్తాడని ఆయనకు పేరు. నాకు కేసు మొత్తం కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"ఎవర్రా నీకు గుండు కొట్టించింది?"

"అక్కా, అది కాదక్కా..."

"భయపడొద్దు. నేనుండాను."

"మా నాయన..."

"మీ నాయనకు నేను చెప్తాలే. ఈ పచ్చగా ఏందిది? గాయాలకు పసుపు పెట్టినారా? అయ్యో, ఎంత నొప్పెట్టి ఉంటుందిరా! తల దాచిపెట్టేదానికి టోపీ కూడా తగిలించినారా?"

డ్రిల్లు సారు కంగారుగా, "అమ్మా, రొంత నేను చెప్పేది ఇనుకో..." అన్నాడు.

"మైకులో వింటారులెండి సార్, నేను చెప్పేది!" అని హేమంత్ చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయాను.

మీరు నన్ను తిట్టుకుంటున్నారని నాకు తెలుసు. తిట్టండి. తిరుపతిలో పుట్టి, తిరుపతిలో పెరిగి, బస్సెక్కినా ఆటో ఎక్కినా గంధం పూసిన గుండ్ల మధ్యే ఇరుక్కుని కూర్చున్నదాన్ని. మా ఊళ్ళో గుండు కనిపిస్తే పసిపిల్ల కూడా "కొండకు పోయొచ్చినారా?" అని అడుగుతుంది. ఆ ఒక్క మాట అడగడానికి నాకు నోరు రాలేదు. చెప్పాను కదా, అది వేరే పనిలో ఉంది.

నా వంతు వచ్చింది. ఎత్తుకోవడమే గొంతు చించుకుని ఎత్తుకున్నాను. "శిక్షల వల్ల క్రమశిక్షణ వస్తుందంటున్నారు. ఇదిగో, చూడండి ఆ క్రమశిక్షణ!" అంటూ హేమంత్‌ను స్టేజీ ఎక్కించి, అందరి ముందూ వాడి టోపీ పీకేశాను.

"అక్కా, వద్దక్కా!" అని వాడు రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

"చూశారా, ఎలా వణికిపోతున్నాడో! పిల్లల గొంతు నొక్కేసే ఈ బడుల్లో పిల్లల మాట వినే నాథుడే లేడా?" అని అరిచాను. వాడు ఏదో చెప్పబోతుంటే మైకు అవతలికి తిప్పుకున్నాను కూడా. తలుపు దగ్గరున్న డ్రిల్లు సారు వైపు వేలు చూపించి, ఆయనే చేశాడన్నాను. చప్పట్లు మార్మోగాయి. ఫోన్లు పైకి లేచాయి.

ఫోన్లు చూడగానే కరస్పాండెంటు గారికి న్యాయం గుర్తొచ్చింది. లేచి, "ఇట్లాంటోళ్ళు మా బడిలో ఉండేదానికి లేదు. తల్లిదండ్రుల్ని పిలిపించి సాయంత్రంలోగా ఆయన్ని తీసేస్తా ఉండా," అని ప్రకటించేశారు. అవతల డ్రిల్లు సారు నోరు తెరిచేలోపే ఆయన తీర్పు పూర్తయింది. ఎన్నో ఏళ్ళుగా పిల్లల్ని పరిగెత్తించి కప్పులు తెచ్చిపెట్టిన మనిషిని 'నువ్వు చేశావా?' అని ఒక్క మాటైనా అడగరా? నేను తొందరపడ్డానంటే చిన్నదాన్ని, తలతిక్కదాన్ని. ఆయన కరస్పాండెంటు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మాత్రం మండలేదు. అప్పుడు నేను విజయగర్వంతో సమోసా తింటున్నాను.

డ్రిల్లు సారు హాలు మూలన కుర్చీలు సర్దుతూ ఉన్నాడు. పోబోయే ఉద్యోగంలో ఆఖరి పనిలాగా ఒక్కొక్క కుర్చీ నెమ్మదిగా జరుపుతున్నాడు. నా వైపు చూసి, "ఈ వయసులో నాకింక ఎవురిస్తారమ్మా పని?" అన్నాడు. సమోసా గొంతులో అడ్డం పడినట్టయింది గానీ, నీళ్ళు తాగి దింపేశాను.

మధ్యాహ్నం మాఫీ అంశం. మంచి ఊపు మీదున్నాను. "తీసుకున్నప్పుడు నవ్వుతూ తీసుకుని, కట్టేటప్పుడు ఏడవడమేమిటి? చదువు అప్పు మాఫీ చేస్తే పిల్లలకు బాధ్యత ఎక్కడ అబ్బుతుంది? మన కొండమీది స్వామినే చూడండి. వడ్డీకాసులవాడు! మొక్కిన మొక్కు ఒక్కటైనా మాఫీ చేశాడా? ఆయనే చేయనిది మనమెవరం చేయడానికి?" అన్నాను. మళ్ళీ చప్పట్లు. ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. మా అమ్మ గుర్తుపెట్టుకుంది.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే అమ్మ హాల్లోకి వచ్చింది. ఆమె వెనక మునిరత్నం మామ, గుండుతో. ఆయన వెనక అత్త, గుండుతో. ఆమె వెనక వాళ్ళ పెద్దకూతురు గీత, ఆమెకూ గుండే. అందరి తలలమీదా పచ్చగా గంధం.

వెనక వరసలోంచి ఎవడో, "ఏమప్పా, ఇంటిల్లిపాదికీ డ్రిల్లు సారే కొట్టించినాడా?" అన్నాడు. ఇంకేముంది, పైకప్పు లేచిపోయేలా నవ్వు.

మునిరత్నం మామకు నవ్వు రాలేదు. నేరుగా కరస్పాండెంటు దగ్గరికి పోయినాడు.

"సారూ, డ్రిల్లు సారు మింద ఫిర్యాదు సేయమని ఫోన్ సేసినారంట. ఏమని సేసేది? మా పాప గీత నర్సింగు సదువుకు బ్యాంకులో అప్పు తీసినాము. వడ్డీ కట్టలేక సచ్చిపోతా ఉంటిమి. వడ్డీ మాఫీ అయితే ఇంటిల్లిపాదీ తలనీలాలిస్తామని మొక్కుకున్నాం. మాఫీ అయింది. నిన్న పోయి ఇచ్చొచ్చినాము. సారుకేం సంబంధం?"

నేను మైకు పట్టుకునే ఉన్నాను. పొద్దున ఏ గుండును చూపించి గెలిచానో, అది మాఫీ గుండు! మధ్యాహ్నమంతా ఏ మాఫీని తిట్టానో, దాని కోసం ఒక కుటుంబం కుటుంబమే జుట్టిచ్చి దణ్ణం పెట్టుకొచ్చింది. ఒక్క గుండు రెండు అంశాల్లోనూ నన్ను ఓడించింది.

"మరి వీడెందుకు ఏడుస్తున్నాడు?" అన్నాను, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు.

అప్పుడు, పొద్దుటి నుంచి మొదటిసారి, హేమంత్‌కు మాట్లాడే అవకాశం దొరికింది.

"పిల్లోళ్ళు నా గుండు మింద దరువేస్తా ఉన్నారు. అందుకే సారు తన టోపీ తీసి నాకిచ్చినాడు. అక్క పీకేసింది."

పిల్లల మాట వినే నాథుడే లేడా అని పొద్దున నేనడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ బడిలో ఆ రోజు ఒక పిల్లవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి ఏడిపించిన మనిషి ఒక్కతే. నాకు చెడ్డ సిగ్గేసింది. డ్రిల్లు సారు కాళ్ళు పట్టుకోబోతే ఆయన గబుక్కున వెనక్కి జరిగి, "వద్దు తల్లీ, పిల్లోళ్ళ కోసం కోపం రావడం మంచిదే. కానీ ఒక మాట అడిగినాక రానీ," అన్నాడు. కరస్పాండెంటు గారు కూడా గొంతు సవరించుకుని, అసలు తీసేస్తానని తానెప్పుడన్నానన్నట్టు మొహం పెట్టి, ఆయన ఉద్యోగం ఆయనకుంటుందని ప్రకటించారు.

కథ ఇంతటితో అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అమ్మ మాత్రం రెండు చేతులూ ఎత్తి కొండవైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"గోవిందా! నా మాట నిలబెట్టినావు స్వామీ."

"ఏం మాటమ్మా?" అన్నాను.

"నువ్వు ఒకరి కూడు పడగొట్టినావని తెలిసినాక కాలు నిలవలేదే నాకు. ఆ సారు ఉద్యోగం నిలబడితే నీ తలనీలాలిస్తానని దారిలో మొక్కుకున్నా."

"నా జుట్టా? మొక్కింది నువ్వు కదా, నీ జుట్టియ్యి!"

"నోరు నీది కదా."

ఇల్లు చేరేదాకా బతిమాలాను. ఏడ్చాను. ఆఖరికి బేరానికి దిగాను. "అమ్మా, మూడు కత్తెరలిచ్చి సరిపెట్టుకుందాం. ఆడవాళ్ళు ఎంతమంది ఇయ్యడం లేదు! మిగతాది మాఫీ చెయ్యమని స్వామికి దణ్ణం పెట్టుకుందాం."

అమ్మ ఆగింది. నా జడను ఆప్యాయంగా నిమిరింది.

"స్వామి ఒక్కటైనా మాఫీ చేసినాడా అని మైకులో అరిచింది ఎవురే?"

కల్యాణకట్టలో కత్తి నా నెత్తిన సర్రున నడుస్తుంటే ఒడిలో పడుతున్న జుట్టు చూస్తూ లోకంలోని అప్పులన్నీ మాఫీ కావాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. మర్నాడు బడి గేటు దగ్గర హేమంత్ నా గంధం తల చూసి, ఏమీ అడక్కుండా, సారిచ్చిన టోపీ తన తలమీంచి తీసి నా చేతికిచ్చాడు.

అప్పుడే, ఆ టోపీ పెట్టుకుని, ఏడుకొండల సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఇక నా జన్మలో ఏ గుండును చూసినా ముందు "కొండకు పోయొచ్చినారా?" అని అడుగుతాను, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను, ఆ తరవాతే అరుస్తాను. అరవడమే మానేస్తానని మాత్రం మొక్కుకోలేదు. ఆ మొక్కును కూడా స్వామి మాఫీ చేయడని నాకు తెలుసు.