అరకు రైల్లో ఎనభై ఒక్క గళ్లు

విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరు ఉదయం ఏడింటికి ముందే కదిలిపోతుంది. వెళ్లదలచినవాళ్లు గంట ముందే వచ్చి కిటికీ పక్క సీటు పట్టుకోండి. మేమూ పట్టుకున్నాం. కానీ నేను బయటికి చూస్తేగా! ఒళ్లో సుడోకు నోటుబుక్కు.

ఈ పిచ్చి రెండేళ్ల కిందట పళ్ల డాక్టరు దగ్గర అంటుకుంది. అక్కడి పాత పేపర్లో ఎవరో సగం చేసి వదిలేసిన గళ్లు కనిపించాయి. అడ్డంగా, నిలువుగా, చిన్న చదరంలో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్కో అంకె ఒక్కసారే రావాలి, అంతే. నా పేరు పిలిచినా లేవలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. పేపరొకటే, మనుషులం ఇద్దరం. మా ఆయన ముందు నా కోసం ఆ రోజు గళ్లూ అంకెలూ నోటుబుక్కులోకి ఎక్కించి ఇచ్చి, తనది పేపర్లోనే చేసుకుంటారు.

పది రోజులుగా నాకు ఒక్కటీ తేలడం లేదు. చివరికొచ్చేసరికి ఒకే వరసలో రెండేసి మూడులు, రెండేసి అయిదులు పడుతున్నాయి. టెలిఫోన్ ఆపరేటరుగా చేసినదాన్ని, ఊళ్లో సగం నంబర్లు నోటికొచ్చేవి. మా అమ్మకి మతిమరుపు అంకెలతోనే మొదలైంది. ఆఖర్న నన్నే ఎవరమ్మా నువ్వని అడిగింది. నాకూ అదే వచ్చిందని లోలోపల వణికిపోతున్నాను. ఆయనకి చెప్పలేదు. "మొహం అలా ఉందేటే, కొండగాలి తగిలితే సరిపోద్ది" అని ఆయనే ఈ ప్రయాణం పెట్టారు.

శృంగవరపుకోటలో ఇడ్లీ తిన్నాం. అక్కడే ఒకావిడ ఎక్కి ఎదురుగా కూర్చుంది. పేరు మార్తమ్మ, అనంతగిరి వైపు మిషన్ బడిలో లెక్కల టీచరట. సొరంగాలు మొదలయ్యాయి. చీకటి పడగానే పెన్సిల్ ఎత్తడం, వెలుగు రాగానే దించడం. నాలుగో సొరంగం దాటాక మళ్లీ రెండు అయిదులు. పెన్సిల్ విసిరికొట్టాను.

"ఏటమ్మా, ఏటయింది?" అంది మార్తమ్మ.

"నా బుర్ర పాడైపోయింది టీచరమ్మా, మా అమ్మలాగే" అనేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ నోటుబుక్కు తీసుకుని గడి గడీ చూసింది. "మీరెక్కడా తప్పు సెయ్యలేదమ్మా. అచ్చులో ఉన్నది ఓసారి ఇవ్వండి."

పేపరు మా ఆయన చంకలో ఉంది. "నాదయిపోయిందిలే, దాంతో పనేటి?" అన్నారు. లాక్కున్నాను. సగం గళ్లు ఖాళీ, మిగతా సగం కొట్టివేతలు. మార్తమ్మ రెండూ పక్కపక్కన పెట్టింది. పేపర్లో ఎనిమిది ఉన్నచోట నా నోటుబుక్కులో ఆరు ఉంది.

"బాబూ, ఈ అంకె ఏటి?" అని ఆయన్ని అడిగింది.

ఆయన పేపరు దగ్గరికి లాక్కుని, దూరంగా జరిపి, "ఆరు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "నాకూ తేలట్లేదే. కళ్ల ముందు పొగలాగుంటంది. సెప్తే బెంగెట్టుకుంటావని ఊరుకున్నాను."

"మా నాన్నకీ ఇలాగే, శుక్లాలు. ఆపరేషన్ చేస్తే పోతాది, బేగి చూపించండి" అంది మార్తమ్మ.

తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ముందు తిట్టాను. తర్వాత మార్తమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ బొర్రా గుహల స్టేషనులో దిగిపోయింది. ఆవిడ ఫోన్ నంబరు అడగాలని తోచనే లేదు, నాబోటి ఆపరేటరుకి!

అరకులో స్టేషన్ దగ్గరే లాడ్జి, వేడినీళ్లు పొద్దున మాత్రమే. వలిసె పూలు కొండవాలంతా విరగబూశాయి. కనిపిస్తున్నాయా అని అడిగాను. "పసుపు తెలుస్తంది, పువ్వులు తెలీట్లేదు" అన్నారు. వచ్చే ఏడు మళ్లీ తీసుకొస్తానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి తిరుగు బస్సు. అనంతగిరిలో కాఫీకి ఆపారు. ఆ పావుగంటలో, రెండేళ్లలో మొదటిసారి, నేను ఆయనకి ఎక్కించి ఇచ్చాను. పేజీ నిండా ఒక్క సుడోకే, ఒక్కో గడి రూపాయి బిళ్లంత. ఘాట్ దిగి రోడ్డు తిన్నగా అయ్యాక ఆయన మొదలుపెట్టారు. నేను పేపర్లో చేసుకుంటున్నాను, అంకెలు చెప్పినమాట వింటున్నాయి. ఆ కొండలకీ మార్తమ్మకీ ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

కొత్తవలస దాటుతుండగా ఆయన ఒక గడి మీద వేలు పెట్టారు. "ఇది ఎనిమిదే కదే?"

అవునన్నాను.