ఉన్ని కాలిన వాసన

గొర్రెల బొచ్చు తీసే రోజుల్లో బుర్మాకాన్ కుదురుగా టీ తాగదు. గిన్నె చేతిలోనే ఉంటుంది, చూపు మాత్రం వాలు మీది గుడారాల వెంట తిరుగుతుంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ కొండ మేతభూముల్లోని గుడారాలకు ఆమే నర్సు.

ఆ మధ్యాహ్నం సైరాకాన్ గుడారం నుంచి ఉన్ని కాలుతున్న వాసన వచ్చింది. అంటే ఎవరికో తెగిందన్నమాట; ఇక్కడ గాయంలో ఉన్ని బూడిద కుక్కుతారు. బుర్మాకాన్ సంచీ అందుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది.

గొర్రె తన్నుకుంటే కత్తెర జారి, కోడలు నూర్జాదా అరచేతిలో, చూపుడువేలి మొదట్లో దిగిపోయింది. అత్త సైరాకాన్ పాత ఉన్ని పరుపు అంచు కాల్చి, బూడిద పట్టుకుని నిలబడింది.

"పెట్టకు వదినా," అంది బుర్మాకాన్.

"మా అమ్మ పెట్టింది, వాళ్ళమ్మా పెట్టింది. ఎవరు చచ్చారు?"

"ఎవరూ చావలేదు. మా ఆయన వేలు చూడు."

సైరాకాన్ బూడిద ఉన్న చెయ్యి కిందికి దించింది. పెళ్ళైన కొత్తలో, నర్సు చదువుకు ముందు, కొడవలితో తెగిన భర్త తొక్తోర్బెక్ వేలికి బుర్మాకానే బూడిద కుక్కింది. రక్తం ఆగింది, పైన తోలు కలిసింది. లోపల వేలిని వంచే నరం మాత్రం తెగినట్టే ఉండిపోయింది. అతని మూడు తీగల కొముజ్ గోడెక్కింది. గాలికి అది దానంతటదే చిన్నగా మోగినప్పుడల్లా ఆమె చేస్తున్న పని ఆపేస్తుంది.

బుర్మాకాన్ శుభ్రమైన గుడ్డ మడిచి నూర్జాదా గాయం మీద గట్టిగా అదిమి, ఆ చేతిని గుండెకన్నా ఎత్తున పట్టుకుంది.

"పది నిమిషాలు. మధ్యలో తీసి చూడకూడదు."

"నాకన్నా నీకే భయంగా ఉన్నట్టుంది పిన్నీ."

"నోరు మూసుకుని కూర్చో."

రక్తం ఆగాక కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగింది. అంచులు కలవలేదు. కుట్లు తప్పవు, అది ఆమెకు వచ్చిన పనే.

"వేళ్ళు వంచమ్మా."

మూడు వంగాయి. చూపుడువేలు నిటారుగా, ఎవరినో అడ్డగిస్తున్నట్టు నిలబడింది.

"నువ్వే కుట్టెయ్యి," అంది సైరాకాన్. "ఇంకా అరవై గొర్రెలున్నాయి. మబ్బు చూడు."

"పైతోలు కుట్టగలను. లోపలిది నా వల్ల కాదు. ఇప్పుడే పట్నం ఆసుపత్రికి వెళ్ళాలి."

"గొర్రెలో?"

"కత్తెర ఇటివ్వు."

గాయానికి కట్టు కట్టింది. నూర్జాదాను తొక్తోర్బెక్ పాత కారులో తీసుకెళ్ళాడు. బుర్మాకాన్ గొర్రెకొకసారి తలెత్తి దారి చూస్తూ ఎగుడుదిగుడుగా బొచ్చు తీసింది.

"దాని ఒంటిమీద మెట్లు కడుతున్నావా?" అంది సైరాకాన్. అని, తనే గొర్రె కాళ్ళు పట్టుకుంది. బూడిద ఎప్పుడో గాలికి పోయింది.

వేసవి చివర గుడారాలు విప్పే వేళకు, పట్నంలో నరం కుట్టించుకొచ్చిన నూర్జాదా చేతికి కట్టు లేదు. చూపుడువేలు మెల్లగా సగం దాకా వంగింది.

"సగమేగా," అంది సైరాకాన్.

"మళ్ళీ వంచు," అంది బుర్మాకాన్. వంచింది. "ఇంకోసారి."

"చాల్లేవే, అరిగిపోతుంది," అన్నాడు తొక్తోర్బెక్, తన బిగుసుకున్న వేలిని టీ గిన్నె వెనక దాచుకుంటూ.

"ఇంకొక్కసారి తల్లీ."

బుర్మాకాన్ గిన్నెలో టీ చల్లారిపోయింది.