జామాకు వాసన

డెబ్బైల నాటి మాట. యూనివర్సిటీలో చేరాక మొదటిసారి సెలవులకి ఊరెళ్తూ బెజవాడలో రైలు దిగాను. తోడొచ్చిన సీనియర్లు లాడ్జి గదిలో బ్రాందీ గ్లాసు చేతికిచ్చారు. వద్దంటే ఏడాదంతా వెక్కిరిస్తారని తాగేశాను. వాసన తెలియకుండా లాడ్జి వెనక చెట్టు జామాకులు నాలుగు కోసుకుని, నములుతూ చల్లపల్లి బస్సెక్కాను.

ఖాళీ చేపల గంప కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఆమె పక్క సీటు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ నీచు వాసనలో నాదీ కలిసిపోతుందని నేనే వెళ్లి కూర్చున్నాను.

ఉయ్యూరు దాటాక నా వైపు తిరిగింది.

"కాలేజీనా బాబూ?"

"అవునండీ."

"మావోడూ బందర్లో కాలేజీకెళ్లేవోడు. ఇంటికొచ్చేటప్పుడు ఇట్టాగే జామాకు నమిలేవోడు."

నా దవడ ఆగిపోయింది.

"గుమ్మంలో ఉండగానే నాకు తెలిసిపోయేది. సదువుకునే పిల్లోడు, అడిగితే సిగ్గుపడతాడని ఊరుకున్నా. అట్టా ఊరుకునే పోగొట్టుకున్నా."

ఖాళీ గంపని కాళ్ల దగ్గరికి లాక్కుంది. నోట్లో ఆకుని ఉమ్మలేక, మింగలేక ఊరిదాకా అలాగే ఉంచుకున్నాను.

ఇంటి దగ్గర అమ్మ ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది. అందుకుంటూ ఒక్క క్షణం ఆగి, నా ముఖంలోకి చూసింది. అడుగుతుందని నిలబడ్డాను. అడిగితే బాగుండునని కూడా అనిపించింది.

"కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను," అంది.

ఆ తర్వాత ఎన్నేళ్లు జామాకు నములుతూ ఇంటికెళ్లినా, అమ్మ ఆ మాటే అంది.