సిస్టరమ్మ కీళ్లు

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో రాహేలు ఎవరి నొప్పినీ అంత తొందరగా నమ్మలేదు. కుల్చారం వైపు నాలుగు పల్లెలకు ఆమె ఏఎన్ఎం. టీకాలు, కాన్పులు, జ్వరాల సర్వేలు అన్నీ ఆమె చేతి మీదే నడిచాయి. వాన పడినా, ఎండ కాసినా మెదక్ నుంచి మొదటి బస్సుకే దిగేది. సిస్టరమ్మ సూది వేస్తే తెలియనే తెలియదని పల్లెల్లో తల్లులు చెప్పుకునేవారు. ఆమె మాట మాత్రం వారం రోజులు సలుపుతుందని కూడా చెప్పుకునేవారు. "ఇది రోగం కాదు, బద్ధకం" అని రెండు తెల్ల గోలీలు చేతిలో పెట్టి పంపేది. అది కఠినమని ఆమె ఏనాడూ అనుకోలేదు. మనిషి ఒక్కతే, ఊళ్లు నాలుగు, మందుల డబ్బా ఒకటి. నిజమైన రోగి దగ్గర కూర్చోవాలంటే మిగతావాళ్లను గదమాయించి పంపక తప్పదనుకునేది.

రిటైరయ్యాక మెదక్‌లోని సొంత ఇంట్లోనే ఉంటోంది. భర్త గాబ్రియేలు వడ్రంగం మానేసి నాలుగేళ్లయింది. నెమ్మదస్తుడు. ఆమె పది మాటలు అంటే ఒకటి అంటాడు.

రెండు వేల ఇరవై నాలుగు వానాకాలంలో వాళ్ల గల్లీ చివర ఎవరో కాంప్లెక్స్ కోసం సెల్లార్ తవ్వి వదిలేశారు. అందులో నీళ్లు నిలిచాయి. ఆగస్టు చివరికి గల్లీలో సగం ఇళ్లు మంచం పట్టాయి. రాహేలుకు జ్వరం వచ్చిన రోజే కుడి చీలమండ ఉబ్బింది. దాన్ని చూసుకుని, "చికున్‌గున్యా" అని తానే చెప్పింది. రక్తపరీక్ష ఆ తర్వాత అదే మాట చెప్పింది. గాబ్రియేలుకూ సోకింది. ఆయన పదో రోజుకు లేచి చాయ్ పెట్టాడు. ఆమె లేవలేదు.

జ్వరం పోయింది. కీళ్లు మాత్రం జ్వరంలోనే ఉండిపోయాయి. పొద్దున కళ్లు తెరిచాక మంచం దిగడానికి ముప్పావు గంట పట్టేది. పిడికిలి బిగిసేది కాదు. కుక్కర్ మూత తిరిగేది కాదు. తడి బట్ట పిండితే మణికట్టులో ఏదో తెగినట్టయ్యేది. చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగేది. ముప్పై ఏళ్లు పసిపిల్లల తొడల మీద కండ తడిమి సూది గుచ్చిన వేళ్లు జాకెట్టు హుక్కు పెట్టలేకపోయాయి. హుక్కులు గాబ్రియేలు పెట్టేవాడు. అతని లావు వేళ్లు వీపుకు తగులుతుంటే ఆమె పళ్లు బిగించుకుని గోడ వైపు చూసేది.

"నొస్తుందా?" అని ఒకరోజు అడిగాడు.

"నీకు నొచ్చిందా?"

"పది రోజులు నొచ్చింది. తర్వాత పోయింది."

"అయితే అడగకు."

ఆమెను అన్నిటికన్నా మండించింది అదే. ఒకే గల్లీ, ఒకే జ్వరం. పక్క మంచం మీది మనిషి లేచి తిరుగుతున్నాడు. ఆమె అబద్ధం ఆడుతోందని చెప్పడానికి ఇంట్లోనే ఒక సాక్షి ఉన్నట్టయింది. చుట్టాలు అతన్ని చూసి, తర్వాత ఆమెను చూసేవారు. చర్చి స్త్రీల సమాజం నుంచి ఫేబ అనే ఆవిడ వచ్చి ప్రార్థన చేసి, వెళ్లేముందు, "మీరు సుత మనసు గట్టిగ చేసుకోవాలె అక్కా. అన్నకు తగ్గింది గదా. విశ్వాసం ఉంటే తగ్గుతది" అంది. రాహేలు ఆవిడను గుమ్మం దాకా సాగనంపి, "వచ్చే వారం రాకు" అని తలుపు వేసేసింది. ఆ ఆదివారం నుంచి చర్చికీ పోలేదు.

ఫిబ్రవరి వచ్చినా తగ్గకపోయేసరికి పట్టణంలో ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖానాకు వెళ్లింది. అక్కడ మంగళవారం మంగళవారం కీళ్ల డాక్టరు కూర్చుంటాడు. పేరు మదన్ మోహన్. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె చీటీ చూశాడు, ఆమెను చూడలేదు.

"అరవై నాలుగా? వయసమ్మా. చికున్‌గున్యా ఎప్పుడో ఆగస్టులో వచ్చి పోయింది. ఇప్పుడు ఉండదు."

"పోలేదు. చేతులు చూడుండ్రి. పొద్దున వాపు ఉంటది."

"ఇప్పుడు లేదు కదా."

"పదకొండు గంటలకు నా నంబరు పిలిస్తే వాపు మీ కోసం ఆగుతదా డాక్టర్? నేను ఏఎన్ఎం చేసిన. వాపంటే ఏందో నాకు తెలుసు."

అతను పెన్ను ఆపి మొదటిసారి తల ఎత్తాడు. "ఏఎన్ఎంలే ఇట్లా ప్యానిక్ అయితే ఎట్లా? ఊళ్లో అందరికీ వచ్చింది. అందరూ లేచి తిరుగుతున్నారు. వాకింగ్ చెయ్యండి, ఇవి వేసుకోండి."

చీటీలో రెండు గోలీల పేర్లు ఉన్నాయి. నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర. అవే తెల్ల గోలీలు. రాహేలు చీటీని చింపాలనుకుంది. వేళ్లు ఒప్పుకోలేదు. రెండు అరచేతుల మధ్య నలిపి పారేసి వచ్చింది.

దారిలో కూరగాయల మార్కెట్ దగ్గర ఆగింది. ఒక ముసలామె ముందు గోనె పట్టా మీద వంకాయలు, టమాటలు పోసి ఉన్నాయి. టమాటలు ఏరుతుంటే పట్టు తప్పి నాలుగైదు కింద పడి దొర్లాయి. వాటిని తీయబోయి వంగలేక రాహేలు మోకాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కూరగాయలమ్మే ఆమె కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. సాయం చేయడానికి లేవలేదు. చాలాసేపు మొహంలోకి చూసి, నింపాదిగా అంది.

"ఊరంతా లేసి పనికి పోతుంది గదా సిస్టరమ్మా. నీకొక్కదానికేనా నొప్పులు?"

రాహేలు ఆమెను గుర్తుపట్టలేదు. ఆ మాటను గుర్తుపట్టింది. అది తన మాట. ఎన్ని గుమ్మాల్లో ఎంతమందిని అలా అందో లెక్కలేదు.

"ఎవరు నువ్వు?"

"గోదావరిని. కుల్చారం దిక్కు మా ఊరికి నువ్వే వస్తుంటివి. రెండు వేల ఆరుల జెరం వచ్చింది యాదికున్నదా? ఊరు ఊరే పండ్కున్నది. అందరు లేసిండ్రు. నేను లేవలే. మూడుసార్లు నీ కాడికి పాక్కుంట వచ్చిన. మూడోసారి నలుగుర్ల ఏమన్నవ్? పనిదొంగ అన్నవ్."

"చికున్‌గున్యా అంటే అప్పుడు మాకు పైనుంచి అట్లనే చెప్పిండ్రు. పదిహేను రోజుల్ల పోతదని."

"పైనోళ్లు మా ఇంటికి రాలే. నువ్వొచ్చినవ్." గోదావరి గొంతు పెరగలేదు. "నువ్వు అన్నంక మా అత్త ఊకున్నదా? సిస్టరమ్మే చెప్పింది, దీనికేం రోగం లేదని. తెల్లారి నాటుకు తోలిండ్రు. మోకాళ్ల లోతు బురదల నెల రోజులు నాట్లేసిన. గప్పటి సంది ఈ కాళ్లు వంగయి. మా అత్త సచ్చిపోయేదాక నన్ను పనిదొంగ అనే పిలిచింది. ఊరోళ్లు అన్నరు. నా బిడ్డ సుత ఒకనాడు అన్నది."

రాహేలుకు కోపం వచ్చింది. సంచీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. గాబ్రియేలు కూరగాయలేవని అడిగితే అతని మీద విరుచుకుపడింది. ఆ రోజంతా గోదావరిని మనసులో తిడుతూనే ఉంది. నాలుగు ఊళ్లు, ఒక్క మనిషి, తనేం చేయగలదు. సాయంత్రం దాకా అదే వాదన. ఎన్నిసార్లు వాదించినా కళ్ల ముందు గోదావరి కాళ్లు చాపుకుని అక్కడే కూర్చుని ఉంది.

మూడు రోజుల తర్వాత మళ్లీ మార్కెట్‌కు వెళ్లింది.

"తప్పయింది" అంది నిలబడే.

"ఎవరికి చెప్తున్నవ్? నా మోకాళ్లకు చెప్పు."

"దవాఖానాకు పోదాం రా. రక్తపరీక్ష చేపిస్త."

"నీ ఎంబడి నేను రాను. బేరం ఉంటే చెయ్యి, లేకుంటే జరుగు. గిరాకి వస్తుంది."

రాహేలు జరిగింది. కానీ ఇంటికి పోలేదు. జ్వరం పాకిన తమ గల్లీ నుంచే మొదలుపెట్టింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు జ్వరాల సర్వే ఎలా చేసేదో అలాగే ఇంటింటి తలుపూ తట్టింది. పెన్ను వేళ్ల మధ్య నిలవకపోతే గుడ్డపేలిక చుట్టి లావు చేసుకుంది. అరవై దాటినవాళ్లు ఎవరు, జ్వరం ఏ నెలలో వచ్చింది, పొద్దున ఎంతసేపు కీళ్లు బిగుసుకుంటాయి, ఏ పని చేయలేకపోతున్నారు. అన్నీ రాసింది. కొందరు తిట్టారు. "నీకేం పని, ఇంట్ల కూసోరాదు" అన్నారు. ఒక ఇంట్లో కోడలు, "మా అత్తకేం లేదు, ఊకెనే మూలుగుతది" అని తలుపు మూయబోతే రాహేలు మోచెయ్యి అడ్డం పెట్టింది. ఆ దెబ్బకు ప్రాణం పోయినంత పనైంది. అయినా తియ్యలేదు. "నువ్వు కాదు, ఆమెను చెప్పనియ్యి" అంది. లోపలి నుంచి ముసలామె గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన వెంకట్రాములు తన చేతులు చూపిస్తూ ఏడ్చాడు. ఆరు నెలలుగా ఎవరూ అడగలేదన్నాడు.

నెల తిరిగేసరికి పేర్లు ఇరవై దాటాయి.

మార్చిలో ఒక మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకే, వాపులు దిగకముందే, రాహేలుతో కలిపి పద్దెనిమిది మంది దవాఖానా వరండాలోకి చేరారు. గాబ్రియేలు రెండు ఆటోలు మాట్లాడి కొందరిని తీసుకొచ్చాడు. డాక్టరు వచ్చి బెంచీలన్నీ నిండి ఉండటం చూసి రాహేలు ముందు ఆగాడు.

"ఏంటిది? ధర్నానా?"

"ఓపీ. అందరికి చీటీలు ఉన్నయి."

"నేను మీకు చెప్పాను కదా. ఏజ్ అని."

"చెప్పిండ్రు. రాయలేదు." రాహేలు లేచి నిలబడింది. "ఒక్కొక్కరి చేతులు, కాళ్లు పట్టి చూడుండ్రి. చూసినంక, ఈ మనిషికి కీళ్లవాపు లేదు, వయసే అని చీటీ మీద రాసి సంతకం పెట్టుండ్రి. పద్దెనిమిది చీటీలు. మేము లేసిపోతం."

"మీరు నన్ను బెదిరిస్తున్నారు."

"అవును."

నర్సు తల దించుకుంది. సంతకం సంగతి రాహేలుకు బాగా తెలుసు. నోటితో అనడం తేలిక. ముప్పై ఏళ్లు తానూ నోటితోనే అంది, ఒక్కసారి కూడా రాయలేదు. డాక్టరు గదిలోకి వెళ్లి, మొదటి పేరు పిలవమన్నాడు. అతని మొహంలో దయ లేదు. కానీ వెంకట్రాములు వేళ్లను నొక్కి చూసినప్పుడు అతని చెయ్యి ఆగింది. మళ్లీ నొక్కి చూశాడు. తర్వాత రక్తపరీక్షల కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

పదిన్నరకు గోదావరి వచ్చింది. కర్ర ఊతంగా మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. ఆమెకు ఈ సంగతి ఎవరు చెప్పారో రాహేలుకు తెలియదు. చోటివ్వబోయింది.

"నీ కోసం రాలే" అంది గోదావరి. "నా మోకాళ్ల కోసం వచ్చిన." పోయి అవతలి చివర కూర్చుంది.

ఫలితాలు వచ్చేసరికి మరో వారం పట్టింది. పందొమ్మిది మందిలో పదకొండు మందికి ఒంట్లో వాపు ఇంకా రగులుతున్నట్టు తేలింది. మిగతావాళ్లలో కొందరికి నిజంగా అరుగుదల, ఇద్దరికి షుగర్. రాహేలుతో సహా ఆ పదకొండు మందికీ డాక్టరు వేరే మందు రాశాడు. నెల నెలా రక్తం చూపించుకోవాలన్నాడు. రాహేలుకు క్షమాపణ చెప్పలేదు. ఆమె ఆశించనూ లేదు. "ముందే వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు. "ముందే వచ్చిన. మీరే చూడలే" అంది ఆమె.

గోదావరి ఎక్స్‌రేను మాత్రం అతను వెలుతురుకు పట్టి రెండుసార్లు చూశాడు.

"ఎప్పటి నుంచి?"

"పందొమ్మిదేండ్ల సంది."

"రెండు మోకాళ్లూ పూర్తిగా పోయాయమ్మా. దీనికి గోలీలు పనిచేయవు. అప్పట్లో ఆరు నెలలు రెస్ట్ ఇచ్చి మందు వాడి ఉంటే ఇంత దూరం రాకపోయేది. ఇప్పుడు ఆపరేషనే. హైదరాబాద్ రాసిస్తాను."

రాహేలు తలుపు దగ్గరే ఉంది. గోదావరి వెనక్కి తిరిగి ఆమె వైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని రాహేలుకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

"డాక్టర్" అంది గోదావరి. "గీ మాట కాయితం మీద రాసియ్యి. నాకు నిజంగనే రోగం ఉండె అని. మా బిడ్డకు చూపెట్టాలె."

అతను రాశాడు. ఆమె ఆ కాగితాన్ని మడిచి రవికెలో పెట్టుకుని, రాహేలు పక్క నుంచే, ఆమె లేనట్టుగా వెళ్లిపోయింది.

ఎండాకాలం చివరికి రాహేలు వేళ్లు సగం దారికి వచ్చాయి. పిడికిలి పూర్తిగా బిగియదు, కానీ హుక్కులు తనే పెట్టుకుంటోంది. మొదటి రోజు ఆ పనికి పది నిమిషాలు పట్టింది. గాబ్రియేలు బయట నిలబడి ఉన్నాడని తెలిసినా పిలవలేదు. కొత్త మందుకు కడుపులో తిప్పుతుంది. వారానికొకసారి వేసుకునే మందు అది, మర్నాడు మనిషి ఏ పనికీ రాదు. ఆ రోజు ఎవరైనా "ఇంకా తగ్గలేదా" అంటే తలుపు మొహం మీదే పడుతుంది. ఫేబ మళ్లీ రాలేదు.

మంగళవారాలు దవాఖానాలో పందొమ్మిది మంది చీటీలూ రాహేలే తీసిపెడుతుంది. వరసలో నిలబడగలిగినవాళ్లలో ఆమె ఒకతి. గోదావరి ఆపరేషన్ కాగితాలు ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి. ఆలోగా ఫిజియోథెరపీకి వస్తుంది. రాహేలు ఆమె చీటీని చేతికివ్వదు, బెంచీ మీద పెట్టి జరుగుతుంది. గోదావరి కాసేపు ఆగి, అటూ ఇటూ చూసి, తీసుకుంటుంది.

ఈమధ్య ఒకరోజు బెంచీ మీద చోటు లేక ఇద్దరూ పక్కపక్కన కూర్చోవలసి వచ్చింది. నర్సు వచ్చి, "ఇద్దరు దోస్తులా?" అని నవ్వుతూ అడిగింది.

"కాదు" అంది గోదావరి.

"కాదు" అంది రాహేలు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, తన నంబరు పిలిచేదాకా అక్కడే కూర్చుంది.