నాలుక చాపిన తేనెటీగలు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. మధురవాడలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో, ఆహారంలో పురుగుమందుల అవశేషాలు వెతికే సెక్షన్ నాది. రొయ్యలు, మిరపపొడి, తేనె... మా బల్ల మీదికి రానిది లేదు.

అప్పలనాయుడు జీడితోటల్లో తేనెపెట్టెలు పెట్టుకునే రైతు. తేనె సీసాతో పాటు ఒక చిన్న డబ్బా తెచ్చి, నా ముందు మూత తీశాడు. నిండా చచ్చిన తేనెటీగలు. ప్రతి ఈగా నాలుక బయటికి చాపి ఉంది.

"పెట్టెల్నిండా తేనుంది మేడమ్, తాగడానికి ఈగే లేదు. కొత్తవి తెచ్చి ఏసినాను. అవీ ఇలాగే నాలికలు సాపి సచ్చిపోనాయి." గొంతు తగ్గించాడు. "మా పైడమ్మ పిన్ని సిల్లంగి ఎట్టిందంటన్నారు ఊళ్ళో. సీకటి పడే ఏళకి పెట్టెల కాడ నిలబడి ఏటో గొణుగుతాదంట."

ల్యాబ్‌లో విషం తేలితే సరే, తేలకపోతే పైడమ్మ ఊరు విడిచిపోవాలని పెద్దలు తేల్చేశారట. నాకు ఒళ్ళు మండింది. "మీరూ నమ్ముతున్నారా ఆ చేతబడి మాటలు?" అన్నాను.

"నమ్మకూడదనే వచ్చినాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే."

తేనెను నీళ్ళలో కలిపి, సాల్వెంట్ పోసి, ఉప్పు వేసి కుదిపాం. సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే పొరలు విడిపోతాయి. మందులుంటే పై పొరలోకి వస్తాయి. దాన్ని శుభ్రం చేసి మెషీన్‌కిచ్చాను. స్క్రీన్ మీద గీత ఎక్కడా లేవలేదు. మళ్ళీ మొదటినుంచీ చేశాను. మళ్ళీ అంతే. "నాట్ డిటెక్టెడ్."

జనం ఆ మాట కోసమే మా దగ్గరికి వస్తారు. ఆ రోజు మాత్రం దాని కింద సంతకం పెట్టడానికి చెయ్యి ఆడలేదు. పెడితే పైడమ్మ పని అయిపోయినట్టే. పక్కనే ఈగల డబ్బా. మూత బిగించేశాను, అయినా లోపల ఆ నాలుకలన్నీ నావైపే చాచి ఉన్నట్టు అనిపించింది. ఇంత సైన్సు చదివినదాన్ని, ఒళ్ళు జలదరించింది. ఒకవేళ నిజంగానే... ఛీ, నన్ను నేనే తిట్టుకున్నాను.

సీసా కిటికీ దగ్గర పెట్టి చూశాను. తేనె అద్దంలా ఉంది. వెంటనే అప్పలనాయుడికి ఫోన్ చేశాను. "ఇంత తేటగా ఎలా ఉందండీ?"

"ల్యాబుకిచ్చేది కదా మేడమ్! మైనం పలుకు లేకుండా గుడ్డేసి వడగట్టినాను."

అయ్యో రామా! కొన్ని మందులు తేనెలో నిలవవు, మైనంలోకి చేరిపోతాయి. మర్యాదకని అతను పారేసిందే నాకు కావలసింది. "ఈగలు చచ్చిన పట్టు కోసి, అలాగే పట్టుకురండి," అన్నాను.

మైనం మొండిఘటం. అలాగే ఇస్తే మెషీన్ పూడుకుపోతుంది. వేడి సాల్వెంట్‌లో కరిగించి ఫ్రీజర్‌లో పెట్టాం. మైనం గడ్డకట్టి అడుగున కూర్చుంది. పైన తేరిన ద్రవాన్ని వడపోసి మెషీన్‌కిస్తే, గీత నిలువునా లేచింది. తేనెటీగలకు పట్టే నల్లిని చంపే మందు అది.

మందు పేరు చెప్పగానే, రిపోర్టు కోసం వచ్చిన అప్పలనాయుడి ముఖం పాలిపోయింది. "అది నాను కట్టిన మందే మేడమ్. ఆ మందు పట్టీలు కొన్నాళ్ళకి పెట్టెల్లోంచి తీసెయ్యమన్నారు. తీస్తే నల్లి మళ్ళీ వస్తాదని వదిలేసినాను. పాత మైనం కరిగించి, ఈగలు పట్టు కట్టుకునే రేకులు ఏటా మళ్ళీ ఆ పెట్టెల్లోకే పోసుకుంటన్నాను."

ఏటా కరిగిన ఆ మైనంలో మందు పోగుపడుతూ వచ్చింది. కొత్త ఈగలు దాని మీదే కాపురం పెట్టాయి. విషం ఎక్కిన తేనెటీగ చాలాసార్లు అలా నాలుక చాపే చస్తుంది.

"మా పిన్ని తప్పు లేదని రిపోర్టులో రాయండి మేడమ్."

"అలాంటి గడి రిపోర్టులో లేదు. మైనంలో మందుందని రాస్తాను. ఎవరు పెట్టారన్నది మీరే చెప్పాలి."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. నా ఎదుటే పిన్నికి కలిపి స్పీకర్ పెట్టాడు. "పిన్నీ, మూట ఇప్పీ. ఎక్కడికీ ఎల్లొద్దు. ఈగల్ని సంపింది నానే."

 అవతల ముసలి గొంతు వణికింది. "నీ ఈగలు బతకాలనేరా నాయనా, రోజూ ఆ పెట్టెలకి దణ్ణమెట్టుకుంటన్నాను."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆనాటినుంచీ తేనె తెచ్చిన ప్రతివాళ్ళనీ మైనం కూడా అడుగుతాను. "నాట్ డిటెక్టెడ్" అంటే లేదని కాదు, మేం వెతికినచోట దొరకలేదని. సంతకం పెట్టేముందు ఇప్పటికీ ఒకసారి ఆగుతాను.