జానెడు పడుగు

నవల పూర్తి చేయాలని నేను పట్టిన పట్టు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఇంట్లో ఎవరినీ నవ్వనివ్వలేదు. బమ్రోలీలో మాది రెండు గదుల ఇల్లు. అమ్మానాన్నల్ని అవ్వా, బాపూ అంటాను. తెల్లవారకముందే లేచి, ట్యూషన్ పిల్లలు వచ్చేదాకా రాసేదాన్ని. ఆ రోజుకు తోచిందంతా, ఒక్క ముక్క మిగలకుండా రాసేదాకా కుర్చీ దిగేదాన్ని కాదు. సగం పుస్తకం అయ్యాక ఒక ఉదయం ఒక్క వాక్యమూ రాలేదు. మర్నాడూ అంతే. నెల తిరిగింది. అవ్వ టీ గ్లాసు చప్పుడు చేసినా కస్సుమనేదాన్ని. ఇక నా వల్ల కాదు, ఈ నవల ఇంతే అని లోపల ఒకటే భయం. ఆ భయానికి మందుగా ఇంకో గంట ముందు లేచేదాన్ని, అదొక తెలివి.

ఒకరోజు బాపు అన్నం డబ్బా మరిచిపోతే కార్ఖానాకు తీసుకెళ్లాను. బాపుది సాంచాలకు, అంటే మరమగ్గాలకు, పోగులు చుట్టిన కొత్త బీమ్ ఎక్కించే పని. పాత బీమ్ మీది పడుగు, అదే నిలువు పోగులు, అయిపోవస్తుండగా సాంచా ఆపి, మిగిలిన కొసలకు కొత్త బీమ్ పోగుల్ని ఒక్కొక్కటిగా ముడివేస్తాడు. ఆ రోజు ముడివేయడానికి కొసలే లేవు. కొత్తగా పనిలో చేరినాయన, ఇంకో మీటరు బట్ట వస్తుందన్న ఆశతో చివరిదాకా నడిపాడు. కొసలన్నీ దువ్వెనలాంటి పన్నెలోంచి జారిపోయాయి.

"జానెడు పడుగు ఉండంగనే బంద్ చెయ్యాలె భాయ్! అంత ఊడ్సుకపోతె నేను దేనికి ముడెయ్యాలె?" అని అరిచాడు బాపు.

ఆయన తల దించుకున్నాడు. తిట్టు తగిలింది మాత్రం నాకు. నేను ఇంట్లో చేసిందీ అదే కదా!

"ఇప్పుడేం చేస్తవు బాపూ?"

"ఏం చేస్త? మొత్తం మొదటికెళ్లి ఎక్కియ్యాలె. ముడేసుడైతె ఒక్క పూట, గిప్పుడు రెండు దినాలు. ఖాళీగనే ఉన్నవు గద, గా పక్క కూసో. పోగులందియ్యి."

ఖాళీగానే అన్న మాట చురుక్కుమంది. అయినా కూర్చున్నాను. నేను అటునుంచి పోగు అందిస్తే, బాపు ఇటునుంచి సన్న కొక్కెంతో లాగేవాడు. తొందరలో రెండు మూడు తెంపాను.

"జర నిమ్మలం బిడ్డా. సాంచా బందున్నదని పని బంద్ లేదు. గిది గూడ నేతనే."

రెండు రోజులూ వెళ్లాను. ఆకలేసింది. నిద్ర పట్టింది. ఆదివారం అవ్వతో ఆల్థాన్‌లో తోటకు వెళ్లి, పల్లీలు తింటూ వచ్చేపోయేవాళ్ల మీద జోకులేసుకున్నాం. ఎన్నాళ్లకో అవ్వ నాతో నవ్వింది. సిగ్గేసింది, హాయిగానూ ఉంది. నోటుపుస్తకం బీరువాలో పెట్టి, వానలు పడేదాకా ముట్టనని చెప్పేశాను.

వానలు పడ్డాయి. ఒక ఉదయం పుస్తకం తెరిస్తే, కార్ఖానాలో తల దించుకున్న ఆ మనిషే ముందుగా గుర్తొచ్చాడు. అతన్ని నవలలోకి రానిచ్చాను. సగం పేజీ సాగింది. తర్వాతి వాక్యం తెలుస్తూనే ఉంది. అయినా పెన్ను మూత పెట్టి లేచాను.

పనికి బయల్దేరుతున్న బాపు గుమ్మంలో ఆగాడు. "ఏంది, గప్పుడే లేసినవ్? మల్ల ఆగిందా?"

"లేదు బాపూ, ఇంకా ఉన్నది. నేనే ఆపిన."

బాపుకు చదవడం రాదు. చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. నా అక్షరాలు ఆగిన చోటు చూసి, దాని కింది తెల్లకాగితం మీద బొటనవేలు నుంచి చిటికెన వేలిదాకా చెయ్యి చాపి కొలిచాడు.

"జానెడున్నది. ముడి పడ్తది," అన్నాడు.